సేనాని, సైనిక గవర్నరు, రాయబారి: జనరల్ జె.ఎన్. చౌదరి



ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం రాసి ఇమ్మని మన సంపాదకులు కోరినప్పుడు, జాతీయ నాయకుల గురించి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు కదా, నేను ఎవరిని గురించి రాయాలి అని రెండు రోజులు ఆలోచించాను. చివరకు నా పదవ ఏట మా నాన్నగారి నోట మొదటిసారి విన్న ఒక పేరు జ్ఞాపకం వచ్చింది. ఆ పేరు జనరల్ చౌదరి. హైదరాబాదు సంస్థానంలో పుట్టి పెరిగిన నా ఈడు వారెవరికీ ఆయన పరిచయం అక్కరలేదు. పిల్లలకు, మనుమలకు మాత్రం చెప్పవలసి ఉంటుంది.

ఆయననే ఎంచుకోవడానికి మరొక కారణం ఉన్నది. ఉద్యోగం చేసిన ప్రతివారికీ చార్జి తీసుకోవడం, చార్జి ఇవ్వడం అనుభవమే. తీసుకునే రోజున ఉత్సాహం ఉంటుంది. ఇచ్చే రోజున చేయి కొంచెం బరువెక్కుతుంది. 1996లో నేను తాళంచెవులు, రిజిస్టర్లు అప్పగించి ఇంటికి వచ్చిన తరువాత నెల రోజుల దాకా ఉదయం పది కాగానే చెప్పుల కోసం చూసుకునేవాడిని. ఒక చిన్న సెక్షను అప్పగించిన నాకే అలా ఉంటే, కోటిన్నరకు పైగా జనం ఉన్న ఒక సంస్థానాన్ని ఏలి, ఆ చార్జి అప్పగించి తిరిగి పటాలంలోకి వెళ్ళిన మనిషికి ఎలా ఉండి ఉంటుంది? చౌదరిగారి జీవితాన్ని నేను ఈ దృష్టితోనే చూశాను.

సూర్యాపేట రోడ్డు మీద

1948లో మేము సూర్యాపేటలో ఉండేవాళ్ళం. మా నాన్నగారు తాలూకా కచ్చేరీలో అహల్కారు. కాగితాలన్నీ ఉర్దూలో, తేదీలు ఫసలీలో, జీతం హాలీ సిక్కాలో. ఒకవైపు రజాకార్ల భయం, మరొకవైపు పల్లెల్లో దొరల మీద తిరుగుబాటు. ఆ ఏడాది ఆగస్టులో బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండ వార్త మా వీధికి చేరిన రోజున ఎవరి ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు.

సెప్టెంబరు నెలలో బెజవాడ వైపు నుంచి భారత సైన్యం వచ్చింది. నిజాం సేనలు వెనక్కి పోతూ మూసీ వంతెనను పేల్చివేశాయి. సైన్యం వారు దానిని త్వరలోనే బాగు చేసుకుని ముందుకు సాగారు. నేను చెట్టు కొమ్మ మీద కూర్చుని లారీలు, ఫిరంగి బండ్లు వెళుతుంటే లెక్క పెట్టి, వంద దాటిన తరువాత లెక్క మరిచిపోయాను. చాలా ఏళ్ళ దాకా ఆ లారీల వరసకు ముందున్నది చౌదరిగారే అనుకున్నాను. అది పొరపాటు. బెజవాడ వైపు నుంచి వచ్చిన దళాలకు నాయకుడు మేజర్ జనరల్ రుద్ర. చౌదరిగారు పడమటి వైపు నుంచి, షోలాపూరు, నల్దుర్గం మీదుగా ట్యాంకులతో వచ్చారు.

మా నాన్నగారికి మాత్రం ఎవరు ఏ దారిన వచ్చారన్నది ముఖ్యం కాదు. తన నౌకరీ ఉంటుందా, పోతుందా అన్నదే ఆయన దిగులు.

వంశం, చదువు

జయంతనాథ చౌదరి 1908 జూన్ 10న ఒక సంపన్న బెంగాలీ జమీందారీ కుటుంబంలో జన్మించారు. వారి వంశానిది నేటి బంగ్లాదేశ్‌లోని పాబ్నా ప్రాంతం. తల్లి వైపు తాతగారు డబ్ల్యు.సి. బెనర్జీ. 1885లో బొంబాయిలో జరిగిన మొట్టమొదటి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించినవారు ఆయనే. తొలితరం హిందీ సినిమా తార దేవికారాణి చౌదరిగారికి పినతండ్రి వరుస వారి బిడ్డ. ఆమె పుట్టినది మన వాల్తేరులోనే. ఆమె తండ్రి మద్రాసు ప్రెసిడెన్సీలో సర్జన్ జనరల్‌గా పని చేసిన వైద్యుడు.

ఇటువంటి ఇంటి పిల్లవాడు ఆ రోజుల్లో బారిస్టరో ఐ.సి.ఎస్.యో కావడం పరిపాటి. ఈయన మాత్రం సైన్యాన్ని ఎంచుకున్నారు. లండనులో హైగేట్ పాఠశాలలో చదివి, శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో శిక్షణ పొంది, 1928లో కమిషన్ అందుకున్నారు. దట్టమైన మీసకట్టు వల్ల తోటివారు ఆయనను ముచ్చు అని పిలిచేవారు. ఆ ముద్దుపేరు సైన్యాధిపతి అయిన తరువాత కూడా పోలేదు.

ఆయన శాండ్‌హర్స్ట్‌లో ఉన్న కాలంలోనే అక్కడ శిక్షణ పొందిన మరొక యువకుడు హజారా జిల్లా నుంచి వచ్చిన అయూబ్ ఖాన్. ఇద్దరికీ కమిషన్ లభించినది కూడా 1928లోనే. పాఠకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ముందు ముందు దీనితో పని పడుతుంది.

యుద్ధ రంగంలో

రెండవ ప్రపంచ యుద్ధంలో చౌదరిగారు అయిదవ భారత డివిజన్‌తో సూడాన్, ఎరిత్రియా, అబిసీనియా, ఉత్తర ఆఫ్రికా ఎడారులలో పని చేశారు. తరువాత క్వెట్టా స్టాఫ్ కాలేజీలో అధికారులకు పాఠాలు చెప్పారు. 1944లో 16వ లైట్ కావల్రీ దళానికి నాయకత్వం వహించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి పాత గుర్రపు దళమే కాలక్రమాన ఈ సాయుధ వాహనాల దళం అయింది. క్వెట్టా నుంచి మణిపురం సరిహద్దు దాకా వేల మైళ్ళు రోడ్డు మీద తమ బండ్లలోనే వెళ్ళి బర్మా యుద్ధంలో పాల్గొనడం ఆ దళానికి పేరు తెచ్చింది.

యుద్ధం ముగిసిన తరువాత మలయాలో పరిపాలన పనులు చూశారు. తుపాకి పక్కన పెట్టి ఫైలు పట్టుకోవడం అక్కడే మొదలయిందని చెప్పవచ్చు. స్వాతంత్ర్యం వచ్చాక ఢిల్లీలో సైనిక వ్యవహారాల డైరెక్టరుగా, తరువాత తాత్కాలికంగా చీఫ్ ఆఫ్ ది జనరల్ స్టాఫ్‌గా బాధ్యతలు నిర్వహించి, 1948 మే నెలలో ఒకటవ ఆర్మర్డ్ డివిజన్ నాయకత్వం చేపట్టారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు నిండవస్తున్నాయి.

అయిదు రోజుల చర్య, పదిహేను నెలల పాలన

హైదరాబాదు కథ మనకు తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. 1947 నవంబరు 29న యథాతథ ఒడంబడిక కుదిరింది. అది నిలవలేదు. 1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున సైన్యం నాలుగు దిక్కుల నుంచి ప్రవేశించింది. 17వ తేదీ సాయంత్రానికి పోరు ఆగింది. మరునాడు నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ నగరం వెలుపల చౌదరిగారి ముందు లొంగిపోయారు. సైన్యం జరిపిన ఈ చర్యకు పోలీసు చర్య అని పేరు పెట్టడం రాజకీయ అవసరం. పేరు అలాగే స్థిరపడింది.

మేజర్ జనరల్ చౌదరి సైనిక గవర్నరు అయ్యారు. నిజాం నవాబు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు అలాగే ఉన్నది కాని, అధికారం గవర్నరుది. సివిల్ వ్యవహారాలకు డి.ఎస్. బఖ్లే అనే ఐ.సి.ఎస్. అధికారి తోడుగా వచ్చారు. ఒక మనిషి చేతిలో సైన్యం, పోలీసు, ఖజానా, కచ్చేరీ అన్నీ ఉన్న రోజులవి. శాసనసభ లేదు. ఆయన సంతకం చేసినదే శాసనం.

ఆ అధికారంతో జరిగిన పనులలో రెండు పెద్దవి. మొదటిది, నిజాం సొంత భూములైన సర్ఫేఖాస్‌ను 1949 ఫిబ్రవరిలో దివానీలో కలపడం. రెండవది, 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు. దాదాపు వెయ్యి జాగీర్లు ఒక్క రెగ్యులేషనుతో ప్రభుత్వపరం అయ్యాయి. జాగీరు గ్రామంలో పన్ను వసూలు, పోలీసు, న్యాయం అన్నీ జాగీర్దారువే అయిన రోజులను చూసినవారికే ఆ మాట విలువ తెలుస్తుంది. కౌలుదారుల స్థితిగతులు విచారించడానికి అదే ఏడాది ఒక సంఘాన్ని కూడా నియమించారు. 1950 నాటి కౌలుదారీ చట్టానికి అది దారి తీసింది.

రెవెన్యూ శాఖలో పని చేసిన మిత్రులకు దీనిలోని కష్టం తెలుసు. రద్దు కాగితం ఒక పూటలో తయారవుతుంది. ఆ తరువాత ఊరూరా లెక్కలు తీసుకోవడం, ఖాతాలు రాయడం, నష్టపరిహారం తేల్చడం ఏళ్ళ తరబడి పని. మా నాన్నగారు ఆ పనిలోనే పడ్డారు. జాగీరు దఫ్తరుల నుంచి మూటలు కట్టి తెచ్చిన కాగితాలకు చెదలు దులుపుతూ, లాంతరు వెలుగులో ఆయన రాసుకుంటూ ఉండడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉన్నది. ఆయన నౌకరీ నిలిచింది. బయటి రాష్ట్రాల నుంచి కొత్త అధికారులు, గుమాస్తాలు వచ్చి పైన కూర్చున్నారనే అసంతృప్తి మాత్రం అప్పుడే మొదలయింది. ముల్కీ, గైర్ ముల్కీ మాట మళ్ళీ బలపడినదీ అప్పుడే. ఆ మాట ఎంత దూరం పోయిందో మనమందరం చూశాము.

ఆ కాలపు నీడలు

మంచిని మాత్రమే రాసి ఊరుకుంటే అది జీవిత చరిత్ర కాదు, సన్మాన పత్రం అవుతుంది. అందుచేత ఈ మాటలు కూడా రాయాలి.

పోలీసు చర్య తరువాతి వారాలలో, ముఖ్యంగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో, ముస్లింల మీద ఘోరమైన ప్రతీకార హింస జరిగింది. రజాకార్లు చేసిన పాపాలకు, వారితో ఏ సంబంధమూ లేని కుటుంబాలు బలి అయ్యాయి. ప్రధాని నెహ్రూగారు పండిత సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపారు. వారు నవంబరు, డిసెంబరు నెలలలో పర్యటించి, చనిపోయినవారు ఎంత తక్కువ వేసుకున్నా ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల దాకా ఉంటారని అంచనా వేశారు. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా లూటీలలో పాలుపంచుకున్నారని రాశారు. అదే నివేదికలో చౌదరిగారికి మతద్వేషం లేదని, క్రమశిక్షణ గల పెద్దమనిషి అని కూడా రాశారు. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. 2013 ప్రాంతంలో గాని అది పరిశోధకులకు అందుబాటులోకి రాలేదు.

ఈ అంకెలు నేను చదివినది ముసలితనంలో. ఆ బాధ చూసినది మాత్రం చిన్నతనంలోనే. మా నాన్నగారి కచ్చేరీలో పేష్కారుగా ఉన్న ఒక ముస్లిం పెద్దమనిషిని మేము చాచా అనేవాళ్ళం. సైన్యం వచ్చిన తరువాత పది పన్నెండు రోజులు ఆయన, వారి ఇల్లాలు మా వెనకింట్లోనే ఉన్నారు. సూర్యాపేటలో వారికి ఏ హానీ జరగలేదు. కాని వారి అమ్మాయిని ఉస్మానాబాదు వైపు ఇచ్చారు. అల్లుడి జాడ తెలియలేదు. చాలా రోజుల తరువాత ఆ అమ్మాయి ఇద్దరు పిల్లలతో తిరిగి వచ్చింది. చాచా మళ్ళీ కచ్చేరీకి వెళ్ళి, ఎప్పటిలాగే మిసిళ్ళు సర్దుకుని, కాలం తీరాక పింఛను మీద దిగిపోయారు. ఆ విషయం గురించి ఎవరితోనూ మాట్లాడగా నేను వినలేదు.

రెండవ నీడ తెలంగాణా పల్లెలది. రజాకార్ల మీదికి వచ్చిన సైన్యం, ఆ తరువాత కమ్యూనిస్టు దళాల మీదికి తిరిగింది. సైన్యం వెనుకనే గడీలు వదిలి పారిపోయిన దొరలు కొందరు తిరిగి వచ్చి, రైతులు దున్నుకుంటున్న భూములు లాక్కున్నారు. అరెస్టులు, క్యాంపులు, కాల్పులు ఎన్నో జరిగాయి. సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించే దాకా ఆ రక్తపాతం ఆగలేదు. జాగీర్లు రద్దు చేసిన ప్రభుత్వమే పల్లెలో దొరకు కాపలా కాసినట్టు రైతుకు కనిపించింది. ఈ రెండూ ఒకే గవర్నరు కాలంలో జరిగినవి. ఒకటి చెప్పి రెండవది దాచడం న్యాయం కాదు.

ఇక చార్జి సంగతి. 1949 చివరికి సైనిక పాలన ముగింపుకు వచ్చింది. 1950 జనవరి 26న ఎం.కె. వెల్లోడి అనే ఐ.సి.ఎస్. అధికారి ముఖ్యమంత్రి అయ్యారు. నిజాం రాజప్రముఖ్ అయ్యారు. 1952 ఎన్నికల తరువాత బూర్గుల రామకృష్ణారావుగారు ప్రజల ఓటుతో ఆ కుర్చీలో కూర్చున్నారు. చౌదరిగారు తిరిగి సైన్యంలోకి వెళ్ళిపోయారు. కుర్చీ నుంచి దించడానికి ఎవరూ బలవంతం చేయవలసిన అవసరం రాలేదు.

సైన్యాధిపతిగా

తరువాతి పన్నెండేళ్ళు త్వరగా చెబుతాను. అడ్జుటెంట్ జనరల్, చీఫ్ ఆఫ్ ది జనరల్ స్టాఫ్, కోర్ కమాండరు పదవుల తరువాత 1959లో పూనాలోని దక్షిణ సైనిక కమాండుకు అధిపతి అయ్యారు. 1961 డిసెంబరులో గోవా విమోచన ఆ కమాండు ఆధ్వర్యంలోనే జరిగింది. నాలుగున్నర శతాబ్దాల పోర్చుగీసు పాలన రెండు రోజులలో ముగిసింది.

మరుసటి ఏడాది చైనా యుద్ధంలో పరాజయం. జనరల్ థాపర్ రాజీనామా చేయగా, 1962 నవంబరు 20న చౌదరిగారికి సైన్యాధిపతి బాధ్యతలు అప్పగించారు. అంతకంటే చెడ్డ రోజున చార్జి తీసుకున్నవారు మన సైన్యంలో మరొకరు లేరు. ఓడిన సైన్యం, బెదిరిన దేశం. మొదట చేసిన పనులలో ఒకటి, ఓటమికి కారణాలు విచారించమని ఇద్దరు అధికారులను నియమించడం. అదే హెండర్సన్ బ్రూక్స్, భగత్ నివేదిక. 1963లో అందిన ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించనే లేదు. 2014లో కొంత భాగం బయటపడింది. చౌదరిగారి జీవితంలోని రెండు ముఖ్యమైన నివేదికలూ బీరువాలోనే ఉండిపోవడం విచిత్రం. కాన్ఫిడెన్షియల్ అని ఎర్ర సిరాతో రాసిన ఫైళ్ళను మోసినవాళ్ళం కనుక మనకు అందులో ఆశ్చర్యం ఉండకపోవచ్చు.

ఆయన హయాంలో కొండలలో పోరాడడానికి ప్రత్యేకంగా పర్వత డివిజన్లు తయారయ్యాయి. సైన్యం ఎనిమిది లక్షలు దాటే ప్రణాళిక అమలుకు వచ్చింది.

1964 మే నెలలో నెహ్రూగారు మరణించినప్పుడు ఒక సంగతి జరిగింది. జనసందోహాన్ని అదుపు చేయడానికి చౌదరిగారు ఢిల్లీకి కొన్ని వేలమంది సైనికులను అదనంగా రప్పించారు. గాంధీగారి అంత్యక్రియల నాటి తొక్కిసలాటను చూసిన అనుభవంతో ఆ జాగ్రత్త తీసుకున్నానని ఆయన సంజాయిషీ. కాని ఢిల్లీలో కొందరు పెద్దల గుండెల్లో రాయి పడింది. పక్క దేశంలో 1958లోనే సైన్యాధిపతి గద్దెనెక్కాడు కదా! ఆ సైన్యాధిపతి ఎవరో కాదు, శాండ్‌హర్స్ట్ నాటి అయూబ్ ఖానే. అనుమానించినవారిని నేను తప్పు పట్టను. కాని ఒకసారి ఒక సంస్థానాన్ని చేతిలో పెట్టుకుని, తిరిగి ఇచ్చి వెళ్ళిన మనిషి ఈయన అని వారు జ్ఞాపకం చేసుకుంటే కొంత నిమ్మళంగా ఉండేది.

1965లో ఆ ఇద్దరు సహాధ్యాయులూ ఎదురెదురుగా నిలిచారు. ఒకరు దేశాధ్యక్షుడు, ఫీల్డ్ మార్షల్. మరొకరు ఎన్నికైన ప్రధానికి, రక్షణ మంత్రికి జవాబు చెప్పుకునే సైన్యాధిపతి. సెప్టెంబరు 1న పాకిస్తాన్ ఛాంబ్ మీద విరుచుకుపడింది. 6న లాల్ బహదూర్ శాస్త్రిగారి ప్రభుత్వం అనుమతితో మన సైన్యం లాహోరు వైపు సరిహద్దు దాటింది. అసల్ ఉత్తర్ దగ్గర పాటన్ ట్యాంకులు దగ్ధమైన కథ ఆ రోజుల్లో రేడియో ముందు కూర్చున్నవారెవరూ మరువలేరు.

ఆ యుద్ధంలో చౌదరిగారి మీద విమర్శలూ ఉన్నాయి. ఒక దశలో బియాస్ నది వెనుకకు తగ్గమని ఆయన సలహా ఇచ్చారని, తాను అంగీకరించలేదని పశ్చిమ కమాండు అధిపతి హర్బక్ష్ సింగ్ తన జ్ఞాపకాలలో రాశారు. మందుగుండు చాలావరకు అయిపోయిందని ప్రధానికి చెప్పారని, తీరా లెక్క చూస్తే ఖర్చయినది కొద్ది భాగమేనని తరువాతి పుస్తకాలు రాశాయి. స్టాకు రిజిస్టరు సరిగా లేకపోతే ఎంత పెద్ద నిర్ణయం తారుమారు అవుతుందో చెప్పడానికి స్టోర్సు విభాగంలో పని చేసిన మిత్రులకు ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. సెప్టెంబరు 23న కాల్పులు ఆగాయి. 1966 జనవరిలో తాష్కెంటు ఒప్పందం జరిగిన మరునాటి తెల్లవారేసరికి శాస్త్రిగారు మనకు లేరు.

ఒట్టావాలో రాయబారిగా

1966 జూన్ 7న చౌదరిగారు సైన్యాధిపతి బాధ్యతలను జనరల్ కుమారమంగళంకు అప్పగించారు. మూడు రోజులకు ఆయనకు 58 ఏళ్ళు నిండాయి. మనలో చాలామంది ఇంటికి వచ్చిన వయసే అది. ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చి గౌరవించి, జూలైలో కెనడాకు హైకమిషనరుగా పంపింది. కామన్‌వెల్త్ దేశాల మధ్య రాయబారిని హైకమిషనరు అంటారు. పని రాయబారిదే.

సైన్యాధిపతులను రాయబారులుగా పంపడం అప్పటికి కొత్త కాదు. జనరల్ కరియప్ప 1953లో ఆస్ట్రేలియాకు వెళ్ళారు. థాపర్ అఫ్గానిస్తాన్‌కు వెళ్ళారు. గౌరవంగా పంపారని కొందరు, పేరు మోసిన సేనాని రాజధానిలో ఖాళీగా ఉండడం మంచిది కాదని పంపారని కొందరు అంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు.

ఆజ్ఞ ఇవ్వడం అలవాటైన మనిషికి దౌత్యం సులువు కాదు. సైన్యంలో మాట చెబితే పని జరుగుతుంది. రాయబారి తన ప్రభుత్వం మాటను వినయంగా విన్నవించి, ఎదుటివారి జవాబును ఉన్నది ఉన్నట్టు రాసి పంపాలి. నిన్నటి దాకా లక్షలమంది వందనం అందుకున్న మనిషి ఇక విందుకు వచ్చినవారిని గుమ్మం దగ్గర నిలబడి ఆహ్వానించాలి.

ఆ మూడేళ్ళలో మన దేశానికి కెనడాతో అవసరాలు తక్కువేమీ కాదు. 1965, 66 సంవత్సరాలలో వరుసగా వానలు లేక బీహారులో కరువు వచ్చింది. కెనడా గోధుమలు మన రేవులకు వస్తున్న రోజులవి. రాజస్థాన్‌లో కోట దగ్గర అణు విద్యుత్ కేంద్రం కెనడా సహాయంతోనే నిర్మాణమవుతున్నది. వియత్నాం పర్యవేక్షణ సంఘంలో భారత్ అధ్యక్ష స్థానంలో, కెనడా, పోలండు సభ్యులుగా ఉన్నాయి. అమెరికా యుద్ధం ముదురుతున్నకొద్దీ ఆ సంఘంలో మాట కలవడం కష్టమయింది. 1967లో కెనడా శతవార్షికోత్సవం. మాంట్రియల్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో మన దేశపు మంటపం కూడా వెలిసింది. 1968లో ప్రధాని పియర్సన్ తప్పుకుని ట్రూడో వచ్చారు.

అదే 1967 అక్టోబరులో కెనడా వలస నిబంధనలను మార్చింది. చర్మపు రంగు, పుట్టిన దేశం చూడకుండా చదువు, వృత్తి, భాష చూసి మార్కులు వేసే పద్ధతి వచ్చింది. అది కెనడా ప్రభుత్వ నిర్ణయం. చౌదరిగారి ఘనత అని నేను చెప్పను. కాని ఆయన ఒట్టావాలో ఉన్న రోజులలోనే తెరుచుకున్న ఆ తలుపు గుండా మన తెలుగు పిల్లలు ఎందరో వెళ్ళారు. మా మనుమరాలు కూడా టొరంటోలో ఉన్నది. కొన్నేళ్ళ క్రితం నేను అక్కడికి వెళ్ళినప్పుడు ఒట్టావా చూపించింది. చలికి శాలువా బిగించుకుని ఆ వీధులలో నడుస్తూ, నల్దుర్గం దారిన ట్యాంకు మీద వచ్చిన మనిషి ఇక్కడ పడే మంచులో మూడు చలికాలాలు గడిపాడు కదా అనుకున్నాను. ఆమెకు సూర్యాపేట చెట్టు కథ చెబితే ఆసక్తిగా వింది. చాచా కథ చెప్పినప్పుడు మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

1969లో ఆయన ఒట్టావా బాధ్యతల నుంచి విరమించారు. అదే ఏడాది మార్చిలో అయూబ్ ఖాన్, ప్రజల ఆగ్రహం తట్టుకోలేక, అధికారాన్ని మరొక సైన్యాధిపతి యాహ్యా ఖాన్ చేతిలో పెట్టి దిగిపోవలసి వచ్చింది. ఒకే కళాశాల, ఒకే కాలం. ఒకరు పదేళ్ళకు పైగా పట్టుకున్న కుర్చీని వదలలేక వదిలారు. మరొకరు వరుసగా మూడు కుర్చీలు ఎక్కి, మూడింటినీ గడువుకు దిగారు. దీనిలో వ్యక్తుల గుణం ఎంత, రెండు దేశాల రాజ్యాంగ వ్యవస్థల గుణం ఎంత అని అడిగితే, వ్యవస్థదే పెద్ద పాలు అంటాను. అయినా వ్యవస్థను నిలబెట్టేది కూడా మనుషులే కదా!

చివరి సంవత్సరాలు

చౌదరిగారికి కలం కూడా బాగా తెలుసు. ఉద్యోగంలో ఉండగానే ఒక ఆంగ్ల దినపత్రికకు పేరు లేకుండా సైనిక విషయాల మీద రాసేవారు. అది తరువాత వివాదమయింది. మన ప్రవర్తనా నియమావళి ప్రకారం చూస్తే ఇది మెమోకు తగిన నేరమే. వ్యాసాల సంపుటి ఒకటి 1966లో వెలువడింది. ఆయన చెప్పగా మరొకరు రాసిన స్వీయచరిత్ర 1978లో వచ్చింది. 1983 ఏప్రిల్ 6న, 74 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు.

నేటి హైదరాబాదులో ఆయనను తలచుకునేవారు తక్కువ. సెప్టెంబరు 17 వచ్చినప్పుడల్లా అది విమోచనమా, విలీనమా, విద్రోహమా అని వాదించుకుంటాము. ఆ వాదంలో చౌదరిగారిని కొందరు వీరుడంటారు, కొందరు నియంత అంటారు. నాకు తెలిసినంతలో ఆయన చేతి మీదుగా జాగీర్దారీ పోయింది. ఆయన కాలంలోనే అమాయకుల నెత్తురు కూడా పారింది, రైతుకు దక్కిన భూమి తిరిగి పోయింది. ఈ మూడూ ఒకే చార్జి లిస్టులో రాయవలసినవే. చార్జి లిస్టులో లోటును లోటుగానే చూపించాలని మనకు మన పెద్ద గుమాస్తాలు నేర్పారు.

అవన్నీ రాసిన తరువాత చివరి గళ్ళలో మరొక మాట రాయాలి. ఎంత అధికారం చేతికి వచ్చినా, గడువు తీరిన రోజున తాళంచెవులు బల్ల మీద పెట్టి వెళ్ళిన అధికారి ఆయన. మన దేశంలో 1952 నుంచి ఇప్పటి దాకా ఓటు వేసి ప్రభుత్వాలను మార్చుకుంటున్నామంటే, ఇలా సంతకం పెట్టి అప్పగించినవారి పుణ్యం కూడా అందులో ఉన్నది. పింఛను తీసుకుంటున్న ప్రతివాడూ తన కొద్దిపాటి పరిధిలో అదే పని చేసినవాడే.

మా నాన్నగారు ఉద్యోగ విరమణ చేసిన రోజున చాచా ఇంటికి వెళ్ళి, ఇద్దరూ అరుగు మీద కూర్చుని చాయ్ తాగారు. అప్పటికి హాలీ సిక్కా పోయింది, ఫసలీ పోయింది, కాగితాల భాష మారింది. మారనిది వారి స్నేహం ఒక్కటే.